పడవ బాటరీకి ఆదాయ వ్యయములు

(మత్తూరు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఈ ఉదయము పంచాంగ శ్రవణములో ఒక్కొక్క రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని శాస్త్రిగారు చదువుచుండగా మనమందరము చెవులు రిక్కించి విన్నాము. ఆదాయము 2, వ్యయము 14 అని వచ్చిన మిత్రుడొకడు ముఖము చిన్నబుచ్చుకొన్నాడు. ఆదాయము 11, వ్యయము 5 అని వచ్చినవాడు ఉగాది పచ్చడి రెండవమారు అడిగి పుచ్చుకొన్నాడు. నేను మాత్రము నా రాశి వచ్చినప్పుడు వినలేదు. నా మనస్సు అప్పుడు ఒక పడవలోని బాటరీమీద ఉన్నది. దానికి కూడ ఆదాయ వ్యయములు కలవు. వాటిని చూచుకొననందువలన మా ఇంట ఒక రాత్రి ఏమి జరిగినదో, దానినుండి నేను ఏమి నేర్చుకొన్నానో చెప్పుటకే ఈ పది నిమిషములు అడిగి తీసుకొన్నాను.

మీరు నవ్వవచ్చును. మత్తూరులో నిలబడి పడవల సంగతి యేమిటి అని. ఇచ్చట మనకు సముద్రము లేదు. కృష్ణగిరి ఆనకట్ట నీటిలో, బారూరు చెరువులో పుట్టి వేసికొని చేపలు పట్టువారే మనము చూచు పడవవారు. ఇచ్చటివారు ఆ పుట్టిని పరిసల్ అందురు. కాని మనలో అనేకులకు అన్నదమ్ములు, బావలు, మేనమామలు కోస్తా పల్లెలలో నేటికిని వేటకు పోవుచున్నారు. మనము పండుగకు ఊరికి పోవునపుడు బెంగుళూరులోనో, హోసూరులోనో ఏదో ఒక కొత్త యంత్రము కొని సంచిలో పెట్టుకొని పోవుచున్నాము. నా కథ అక్కడనే మొదలైనది.

నేను ఇంజనీరును కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. నాకు తెలిసిన విద్య ఒక్కటే: జమ ఒక ప్రక్క, ఖర్చు ఒక ప్రక్క వ్రాసి, సాయంకాలమునకు నిల్వ తేల్చుట. బాటరీని అర్థము చేసికొనుటకు ఆ విద్య చాలునని నా అనుభవము.

మా అక్కను ఇచ్చినది కాకినాడకు పైన ఒక పల్లె. మా బావకు ఫైబరు పడవ ఒకటి ఉన్నది. నలుగురు కలిసి వేటకు పోవుదురు. సాయంకాలము ఆరింటికి పోయి మరునాటి ఉదయము తిరిగివచ్చుట వారి అలవాటు. పడవలో ఒక 12 వోల్టుల బాటరీ. దానిమీద ఒక దీపము, దారి చూపు చిన్న జి.పి.ఎస్., మాట్లాడుకొనుటకు వి.హెచ్.ఎఫ్. రేడియో, నలుగురి సెల్ ఫోనులు. మూడేండ్లు ఏ ఇబ్బందియు లేకుండ నడచినవి.

మూడు సంవత్సరముల క్రిందట సంక్రాంతికి నేను పోవుచు బావకు రెండు వస్తువులు తీసుకొనిపోయినాను. ఒకటి, నీటి లోతును, చేపల గుంపును చూపు రంగుల తెర. రెండవది, పెద్ద గొంతుగల పాటల పెట్టె. బావ ఎంత సంతోషించినాడో చెప్పలేను. రెండింటిని ఆ పూటనే బాటరీకి తగిలించినాడు. "కరెంటు సరిపోతుందా బావా?" అని అడిగినాను. "లారీ బాటరీ బామ్మర్దీ, ఏనుగులాంటిది," అన్నాడు. నేనును నమ్మినాను. ఆఫీసులో రూపాయి ఖర్చుకు కూడ కాగితము అడుగు నేను, అక్కడ ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకొన్నాను.

మాఘమాసములో ఒక రాత్రి తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఒడ్డుకు చాలా దూరములో ఇంజను ఆగిపోయినది. నూనెలో నీళ్లు కలిసినవి. సెల్ ఫోనుకు అందు దూరము కాదు. రేడియోలో వేరే పడవలవాళ్లు మాట్లాడుకొనుట చక్కగా వినబడుచున్నదట. బావ ధైర్యముగా మీట నొక్కి పిలిచినాడు. నొక్కిన తక్షణమే రేడియో ఆరిపోయినది. చేయి తీసినాడు, మరల వెలిగినది, మాటలు వినబడినవి. నొక్కినాడు, ఆరిపోయినది. ఎన్ని మార్లు నొక్కినను ఇదే వరుస. కొంతసేపటికి దీపము కూడ మిణుగురు పురుగువలె అయినది. పెద్ద ఓడలు పోవు దారిలో దీపము లేని పడవలో నలుగురు మనుష్యులు తెల్లవారువరకు కూర్చున్నారు. ఉదయము ఒక పడవవారు తువ్వాలు ఊపుట చూచి, తాడు కట్టి లాగికొని వచ్చినారు. అక్క పదకొండు గంటలవరకు ఒడ్డుననే నిలబడి ఉన్నది.

ఆ మధ్యాహ్నము నాకు ఫోను చేసినది. తిట్టలేదు. "తమ్ముడూ, నువ్విచ్చిన పాటల పెట్టె రాత్రంతా మోగిందంట. మీ బావ పిలుపు మాత్రం ఎవరికీ వినపడలేదు," అన్నది. నేను ఆ రాత్రి అన్నము తినలేదు. కాగితము, పెన్సిలు తీసికొని కూర్చున్నాను.

ఆ కాగితమునే ఇప్పుడు మీకు చదువుచున్నాను. బాటరీలో నిల్వను ఆంపియర్-గంటలలో కొలుతురు. 1 ఆంపియరు చొప్పున 1 గంట వాడిన 1 ఆంపియర్-గంట ఖర్చు. దీనిని "పాయింటు" అందాము. పన్నెండు గంటల రాత్రికి పాత ఖర్చు ఇట్లున్నది. దీపము 1 ఆంపియరు, 12 పాయింట్లు. జి.పి.ఎస్. అర ఆంపియరు, 6. రేడియో వినుటకు అర ఆంపియరు, 6. రేడియోలో పలుకుటకు 5 ఆంపియర్లు. అన్నియు కలిపి 12 నిమిషములు పలికినచో 1. నలుగురి ఫోనులు, ఒక్కొక్కటి 2 చొప్పున 8. మొత్తము 33.

నేనిచ్చిన కానుకల ఖర్చు: లోతు చూపు తెర 1 ఆంపియరు, రాత్రంతా 12. పాటల పెట్టె 2 ఆంపియర్లు, ఆరు గంటలకు 12. వెరసి 24. అంతా కలిసి 57.

ఇక జమ ప్రక్క చూడండి. బాటరీమీద 100 ఆంపియర్-గంటలు అని వ్రాసియున్నది. 57 ఖర్చు పోగా 43 మిగిలినది గదా, మరి లోటెక్కడ అందురు. నేనును మొదట అట్లే అనుకొన్నాను. కాని ఆ 100 అనునది కొత్త బాటరీకి, మెల్లగా వాడినప్పటి మాట. మూడేండ్లు ఉప్పుగాలి తిన్న బాటరీలో 70 మిగిలిన గొప్ప. పైగా సీసపు బాటరీలో సగమునకు మించి వాడకూడదని పెద్దల మాట. కొత్తదానిలో 50, పాతదానిలో 35 మాత్రమే మనము చేయి పెట్టదగిన సొమ్ము. పాత ఖర్చు 33 గనుక అంచుమీద నడచినది. ఖర్చు 57 అయిన నాడు మునిగినది.

సగము నియమము ఎందుకో చెప్పవలెను. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచివాడు సీసపు రేకులను పలుచని గంధకామ్లములో ముంచి, మరల మరల నింపుకొనదగిన బాటరీ చేసినాడు. నేటి లారీ బాటరీ దాని మనుమడే. కరెంటు వాడుచుండగా రేకులమీద సీసపు గంధకితము పొరగా ఏర్పడును. మరల చార్జి చేసినచో ఆ పొర కరగును. అడుగంట వాడి, చార్జి చేయకుండ నాలుగు దినములు విడిచిపెట్టితిమా, ఆ పొర గట్టిపడి స్ఫటికమై కూర్చొనును. తరువాత కరగదు. అంతమేరకు బాటరీ శాశ్వతముగా చిన్నదగును. లారీ బాటరీకి రేకులు పలుచన. ఇంజనును స్టార్టు చేయుటకు ఒక్క క్షణము ఎక్కువ కరెంటు ఇచ్చుటకే అది పుట్టినది. రాత్రంతా మెల్లగా ఇచ్చుటకు ఇన్వర్టరు బాటరీవలె దళసరి రేకులు కలది కావలెను. పడవ ఊగును గనుక ఆమ్లము ఒలకని, మూసివేసిన రకమైన మరియు మంచిది.

రేడియో వినుటకు బ్రతికి, పలుకుటకు చచ్చుట ఏమి వింత? బాటరీ అలసినప్పుడు దాని లోపలి అడ్డు పెరుగును. అర ఆంపియరు అడిగినప్పుడు వోల్టేజి నిలుచును. 5 ఆంపియర్లు అడిగిన క్షణములో వోల్టేజి జారి రేడియో ఆగిపోవును. కాబట్టి రేడియోలో మాటలు వినబడుచున్నవి, బాటరీ బాగున్నది అనుకొనుట పెద్ద మోసము. ఒడ్డు విడుచుటకు ముందు మీట నొక్కి, ప్రక్క పడవవానితో ఒక్క మాట పలికి చూచుటయే నిజమైన పరీక్ష. దగ్గర పడవలతో మాట్లాడునపుడు రేడియోను 1 వాటుకు తగ్గించి పెట్టినచో ఖర్చును తగ్గును. 25 వాట్లు దూరపు పిలుపునకు, ఆపదకు దాచుకొనవలెను.

తీగెల సంగతి కూడ చెప్పెదను. ఇంటిలో 230 వోల్టులు. తీగెలో 1 వోల్టు పోయినను మనకు తెలియదు. పడవలో ఉన్నది 12. అందులో 1 పోయినదనగా పన్నెండవ వంతు పోయినది. ఇంటిలో 10 వాట్ల దీపము ఆంపియరులో ఇరువదవ వంతు కూడ తీసికొనదు. అదే దీపము 12 వోల్టులలో రమారమి 1 ఆంపియరు తీసికొనును. అందుచేత ఇంటి వైరింగులో మిగిలిన సన్నతీగె పడవకు పనికిరాదు. దళసరి తీగె కావలెను, తగరపు పూత ఉన్న రాగి అయినచో ఉప్పుకు నిలుచును. బాటరీ మొనలమీద పచ్చని చిలుము పేరుకొన్నచో గోకి శుభ్రము చేసి వాజలీను పూయవలెను. ప్రతి యంత్రమునకు వేరుగా ఫ్యూజు ఉండవలెను. ముఖ్యమైన ఫ్యూజు బాటరీ ధన మొనకు ఆనుకొనియే ఉండవలెను. బాటరీని త్రాడుతో బిగించి, నీరు నిలువని ఎత్తున, గాలి ఆడుచోట ఉంచవలెను. చార్జి అగునపుడు హైడ్రోజను వాయువు వచ్చును. దానిదగ్గర బీడీ వెలిగించుట ప్రాణాంతకము. బాటరీలోనికి సముద్రపు నీరు చేరినచో క్లోరిను అను విషవాయువు పుట్టవచ్చును.

మా రైల్వేలో ఈ పాఠము ఏనాటినుండియో ఉన్నది. ఇరుసునుండి పట్టీతో తిరుగు ఆల్టర్నేటరు గల పాత రకపు పెట్టెలను మీరు ఎరుగుదురు. బండి నడచునప్పుడు ఆల్టర్నేటరు దీపములకు కరెంటు ఇచ్చి, పెట్టె క్రింది 110 వోల్టుల బాటరీలను నింపును. సామల్పట్టి వంటి చిన్న స్టేషనులో బండి ఆగినప్పుడు ఆ బాటరీలే దీపములను నిలబెట్టును. ఎంతసేపు ఆగిన ఎంత పోవును, మరల నడచిన ఎంత వచ్చును అని ముందే లెక్క కట్టియే ఆ పెట్టెలో ఎన్ని ఫంకాలు, ఎన్ని దీపములు అని నిర్ణయించినారు. నేటి ఎల్.హెచ్.బి. పెట్టెలకు ఇంజనునుండిగాని, జనరేటరు బండినుండిగాని కరెంటు వచ్చును గనుక ఆ దారి వేరు. పెట్టెలో ప్రయాణికుడు తన ఇష్టము వచ్చినట్లు ఫంకా ఒకటి అదనముగా తగిలించలేడు. పడవలో మాత్రము మనమందరము తగిలించువారమే.

ఇంకొక పాఠము సముద్రము నేర్పినది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు, ఓడలోని డైనమోలు దాదాపు చివరివరకు నడచుటచేత వైర్‌లెస్ పిలుపు ఆగలేదు. కార్పేథియా అను ఓడ ఆ పిలుపు విని వచ్చి ఏడువందలమందికి పైగా రక్షించినది. ఆ సంవత్సరమే అమెరికాలో చేసిన శాసనము, ప్రయాణికుల ఓడలలో వైర్‌లెస్‌కు ఓడ కరెంటుతో సంబంధము లేని ప్రత్యేకపు విద్యుత్తు ఉండవలెనని, అది కనీసము నాలుగు గంటలు పని చేయవలెనని విధించినది. నూరేండ్లు దాటిన ఆ నియమము పెద్ద ఓడకెంత వర్తించునో, మా బావ పడవకును అంతే వర్తించును. పిలుపు కొరకు ఉంచిన సొమ్ము పాటలకు ఖర్చు కారాదు.

దీనికి మార్గము సులభము. రెండు బాటరీలు పెట్టవలెను. పెద్దది రోజువారీ ఖర్చుకు. చిన్నది రేడియోకు, దీపమునకు మాత్రమే. ఈ రెంటి తీగెలు కలియరాదు. మన ఇండ్లలో ఆడవారు పోపుల డబ్బాలో వేరుగా దాచు డబ్బును మగవారు ముట్టరు గదా, అట్లే చిన్న బాటరీని ముట్టరాదు. పాత బాటరీని కొత్తదానితో జత కట్టి పెద్దది చేయుట కూడ కూడదు. పాతది కొత్తదాని సొమ్మును త్రాగివేయును.

ఈ రేడియో కాక మరొక సాధనము కలదు. ఇస్రో రూపొందించిన ఆపద సందేశ యంత్రము 2010 నుండి వాడుకలో ఉన్నది. 2024 జనవరిలో రెండవ తరము వచ్చినది. మీట నొక్కినచో ఉపగ్రహము ద్వారా తీరరక్షక దళమువారి కేంద్రమునకు పడవ ఉన్న చోటు తెలియును. రెండవ తరము యంత్రములో, మీ పిలుపు అందినది అను జవాబు కూడ తిరిగి వచ్చును. దానికి దాని సొంత బాటరీ ఉండును. మీవారి పడవలో అది ఉన్నచో పరీక్షించి ఉంచుమని చెప్పండి. ఒడ్డున ఉన్న మనము గుర్తుంచుకొనవలసిన తీరరక్షక దళపు ఫోను నంబరు 1554.

ఇప్పుడు అందరును లిథియం అను మాట పలుకుచున్నారు. మన జిల్లాలోనే పోచంపల్లి వద్ద 2021 నుండి విద్యుత్ స్కూటర్ల కార్ఖానా నడచుచున్నది. హోసూరులో ఎక్సైడ్ వారి బాటరీ కార్ఖానా ఉన్నది. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజావారు బాటరీలు చేయుచున్నారు. ఇటువంటి కార్ఖానాలలో పనిచేయు పిల్లలు నాకంటె ఎక్కువ చెప్పగలరు. పడవకు తగినది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకము. సీసపు బాటరీలో సగము బరువు కూడ ఉండదు. 100లో 80 వరకు వాడుకొనవచ్చును. కాని దానికి తగిన చార్జరే వాడవలెను. ఇంకొక గుణము కూడ తెలిసికొనవలెను. సీసపు బాటరీ చచ్చుటకు ముందు దీపము మందగించి మనకు చెప్పును. లిథియం చెప్పదు. చివరివరకు ఒకే వెలుగు ఇచ్చి, లోపలి కాపలా పరికరము ఒక్కసారిగా కట్టివేయును. కాబట్టి ఖరీదైన బాటరీ కొన్నవానికి లెక్క మరింత అవసరము.

ఆదాయము పెంచుకొను మార్గమును చెప్పి ముగించెదను. తాడు లాగి స్టార్టు చేయు చిన్న మోటార్లలో అనేకమునకు బాటరీ నింపు ఏర్పాటు ఉండదు; అట్టివారు ఒడ్డుననే నింపవలెను. 50 వాట్ల సౌరఫలకము ఎండకాచిన దినమున సుమారు 15 పాయింట్లు ఇచ్చునని అనుకొనవచ్చును. పాత ఖర్చు 33లో అది సగమునకు లోపు. కనుక ఫలకము పెట్టితిమిగదా అని పాటలు పెంచరాదు. ఖర్చు తగ్గించుటకు ఫోనులు ఇంటివద్దనే నింపి తీసికొనిపోయినచో 8 మిగులును. లోతు చూపు తెరను వల వేయువేళ మాత్రమే, నాలుగు గంటలు పెట్టినచో మరి 8 మిగులును. చేపలను రప్పించుటకు పెద్ద పెద్ద ఎల్.ఇ.డి. దీపములు వేయుటను కేంద్ర ప్రభుత్వము 2017లోనే నిషేధించినది. ఆ ఖర్చు మన పద్దులో రానే రారాదు.

ఇంతయు వ్రాసి నేను బావకు పంపినాను. బావ రెండవ బాటరీ పెట్టించినాడు. పాటల పెట్టె ఇప్పుడు ఇంటి అరుగుమీద మ్రోగుచున్నది. మరుసటి సంక్రాంతికి నేను ఒక చిన్న వోల్టు మీటరు మాత్రమే తీసికొనిపోయినాను. "ఇది పాటలు పాడదు గదా బామ్మర్దీ," అని బావ నవ్వినాడు. కొంతసేపు పని లేకుండ ఉంచిన సీసపు బాటరీకి 12.7 చూపినచో నిండుగా ఉన్నది, 12.2 దాపునకు వచ్చినచో సగమైనది. 12 కంటె తగ్గినచో ఆ రాత్రి ఒడ్డు విడువరాదు. ఈ మూడు అంకెలు అక్కకు నేర్పినాను. ఆమె ప్రతి సాయంకాలము తానే పోయి చూచుచున్నది. "అంకె చూసినాకే అన్నం గిన్నె చేతికిస్తన్నాను తమ్ముడూ," అని మొన్న ఫోనులో చెప్పినది.

సోదరులారా! మనము దూరదేశమున ఉండి మనవారికి ప్రేమతో యంత్రములు ఇచ్చుచున్నాము. అవి ఎంత కరెంటు తినునో, ఆ కరెంటు ఎచ్చటినుండి వచ్చునో కూర్చుండి లెక్క వ్రాసి దానితోపాటు ఇవ్వండి. ఈ కొత్త సంవత్సరములో మీ అందరి ఆదాయములు వ్యయములను మించియుండుగాక. వేటకు పోయిన మనవారందరును ప్రతి ఉదయము ఒడ్డు చేరుదురుగాక.